గోలు పక్కన రసం చెట్టు

కాకినాడ,
7-12-1947

అక్కయ్య అమృతమ్మకు తమ్ముడు పోతురాజు నమస్కరించి రాసేది.

క్షేమం అని రాయడం ఆచారం కాబట్టి క్షేమమే. నీ క్షేమం అడగడానికి మొహం చెల్లక అయిదేళ్ల ఎనిమిది నెలలు ఊరుకున్నాను. బావ ఆంజనేయులు ఎలా ఉన్నాడు? మీరిద్దరూ ఇప్పటికీ ఆ షావుకారు తోటలోనే కావలి ఉన్నారని, తూర్పు గట్టు మీది రసం మామిడి చెట్టు ఇంకా కాస్తూనే ఉందని రైల్లో కలిసిన నూజివీడు మనిషొకడు చెప్పాడు. విని ఊరుకోలేక ఈ ఉత్తరం.

నావల్లో బస్తాలు మోసే పని మానేశాను. నడుం ఇక నా మాట వినడం లేదు. ఇప్పుడు నా ఉద్యోగం గడ్డి పెంచడం. నవ్వకు. ఈ రేవు పట్నంలో ఫుట్‌బాల్ ఆడటానికి మనవాళ్లకంటూ ఇన్నేళ్లూ చోటు లేదు. దొరల క్లబ్బుకి మైదానం ఉండేది. మనం కంచె అవతల నిలబడి, బంతి బయటికొస్తే తిరిగి విసిరేవాళ్లం. మనవాళ్లు ఆడిందల్లా కాలవ పక్క ఇసుక పర్రలో, రెండు రాళ్లు పెట్టి అదే గోలు అనుకుని. యుద్ధం రోజుల్లో ఆ పర్రలో మిలటరీ వాళ్లు డేరాలు వేశారు. పోతూ పోతూ గుంటలూ, మేకులూ, తుప్పు డబ్బాలూ వదిలిపోయారు. స్వరాజ్యం వచ్చాక ఊళ్లో పెద్దలు కమిటీ కట్టి ఆ పర్రనే గ్రౌండు చేయాలన్నారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పే భాస్కరరావుగారు సెక్రటరీ. నేను మాలీని, కావలివాణ్ణి, సున్నంతో గీతలు గీసేవాణ్ణి.

కాలవలో పూడిక తీసిన మట్టి తెచ్చి పోశాం. విరిగిన నావల తెరచాప కొయ్యలు గోలు స్తంభాలయ్యాయి. అంతా బాగానే ఉంది కానీ మట్టిలో ఉప్పుంది. గరిక నాటితే పది రోజులు ఆశపెట్టి చచ్చిపోతోంది. మళ్లీ నాటుతున్నాను. ఈ ఏడాదికిది నాలుగోసారి.

అసలు సంగతి. గ్రౌండుకి ఉత్తరం వైపున్న గోలుకి ఎడమ పక్క, నాలుగడుగుల దూరంలో ఒక మామిడి చెట్టుంది. టెంక నుంచి లేచిందే. ఏడో ఏడు నడుస్తోంది. కొమ్మ ఒకటి గోలు మీదికి వాలింది. ఇంతవరకు పూత ఎరగదు. ఉప్పు నేలలో ఉన్న చెట్టుకి ఏం చేస్తే పూస్తుంది? నీకంటే తెలిసినవాళ్లు నాకెవరూ లేరు. జవాబు రాస్తే రాయి. రాయకపోయినా న్యాయమే.

నీ కోపానికి తగిన తమ్ముడు,
పోతురాజు

నూజివీడు తోట,
21-12-1947

తమ్ముడు పోతురాజుకు అమృతమ్మ రాసేది.

బతికే ఉన్నాం. మీ బావకి మోకాళ్లు పోయాయి. మంచె నేనే ఎక్కుతున్నాను. చిన్నప్పుడు అరుగు బడిలో నీ పక్కన కూర్చుని నేర్చుకున్న నాలుగు అక్షరాలూ ఇన్నాళ్లకి మళ్లీ తీస్తున్నాను. ఒత్తులు పోతే నువ్వే పెట్టుకో.

అయిదేళ్ల ఎనిమిది నెలలకి ఉత్తరం రాశావు. అదీ ఒక చెట్టు కోసం. మనిషి కోసం కాదు. సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. బంతాట ఆడే చోట మామిడి చెట్టెందుకు? కొట్టి పారెయ్. అదీ ఈ వారంలోనే కొట్టు. ధనుర్మాసం వచ్చేసింది. మొగ్గ కనపడ్డాక చెట్టుకి గొడ్డలి పెట్టకూడదని నాయన ఎన్నిసార్లు చెప్పాడు? కాయ మీదున్న చెట్టూ కడుపుతో ఉన్న ఆడదీ ఒకటే. ఇప్పుడైతే ఏ దోషమూ లేదు.

ఉప్పు నేలలో గరిక బతకాలంటే చెరువు మట్టి కలుపు. నీళ్లు పొద్దున్నే పెట్టు. ఆ ఇసుకలో గడ్డి పెంచి ఎవరిని ఉద్ధరిస్తావో నాకు తెలియదు. ఆ చోటు పేరు నా దగ్గర ఎత్తకు. ఇంకోసారి రాస్తే ఆట సంగతులు రాయకు.

అమృతమ్మ

కాకినాడ,
16-2-1948

అక్కయ్యకు పోతురాజు నమస్కారాలు.

ఆట సంగతులు రాయకన్నావు. నా బతుకే దాని చుట్టూ ఉంది, ఇంకేం రాయను? కొంచెం ఓర్చుకో.

నీ ఉత్తరం అందాక గొడ్డలి నూరించాను. అబద్ధం కాదు. భుజాన వేసుకుని చెట్టు దగ్గరికి వెళ్లాను కూడా. వెళ్లి చూస్తే కొసల్లో మొగ్గ. నువ్వు గుర్తు చేసిన నాయన మాటే నా చెయ్యి పట్టుకుంది. సంక్రాంతి వెళ్లిన వారానికి చెట్టంతా పూత. ఉప్పుగాలికి సగం రాలింది. మిగిలింది పిందె పట్టింది.

ఆగస్టు పదిహేనుకి గ్రౌండు ప్రారంభం పెట్టుకున్నారు. స్వరాజ్యం వచ్చి ఏడాది అవుతుంది కదా, కప్పు పెట్టి మేచీ ఆడిస్తారట. భాస్కరరావుగారు వచ్చి చెట్టుని చూసి, "ఏమయ్యా పోతురాజూ, జట్టుకి పదకొండు మంది చాలు గదా, పన్నెండోవాణ్ణి ఎందుకు నిలబెట్టావు?" అన్నారు. పిందె మీదున్న చెట్టుని మా ఊళ్లో కొట్టరండీ అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మా అమ్మా ఇదే అంటుందిలే. కాయలు దిగాక మాత్రం నేను వినను" అన్నారు. ఆయన మంచివాడే. కమిటీలో మిగతావాళ్లు అలాంటివాళ్లు కాదు.

గాంధీగారు పోయిన పదమూడు రోజులూ ఎవరూ బంతి ముట్టలేదు. మళ్లీ మొన్న మొదలుపెట్టారు. బంతి చెట్టుకి తగిలితే రిఫరీ మళ్లీ నేల మీద వదలాలని వాళ్లలో వాళ్లే ఒక రూలు పెట్టుకున్నారు. ఆ రూలు మీద రోజూ తగువులే. నావలవాళ్ల జట్టుకి కెప్టెను ఆరోగ్యం అనేవాడైతే, కొట్టిన ప్రతి బంతీ చెట్టుకే తగులుతోందని నన్ను తిడతాడు. ఆట అయ్యాక చొక్కా ఆ కొమ్మకే తగిలిస్తాడు.

బావ మోకాళ్లకి వావిలాకు కాపడం పెట్టు. నాకు నడుం నొప్పి తగ్గలేదు. చెరువు మట్టి కలిపాక గరిక ఒక మూల బతికింది. ఆ మాట నీకు చెప్పాలనిపించింది.

పోతురాజు

నూజివీడు తోట,
5-3-1948

తమ్ముడు పోతురాజుకు,

గొడ్డలి నూరించడానికి ఎన్ని రోజులు పట్టింది నీకు? నేను రాసిన నాడే కొట్టి ఉంటే మొగ్గ ఎక్కడిది? పది రోజులు ఆగుదాం, పది రోజులు ఆగుదాం. నీ జబ్బే అది.

ఇక్కడ మాకు ఊపిరి తిరగడం లేదు. నైజాంలో గొడవలకి తట్టుకోలేక జనం విస్సన్నపేట మీదుగా బళ్లు కట్టుకుని వచ్చేస్తున్నారు. మన తోటలోనే నాలుగు కుటుంబాలు దిగాయి. పిల్లలు పిందెలు రాలగొడుతున్నారు. పొమ్మంటే ఎక్కడికి పోతారు? షావుకారు నన్ను అంటాడు, నేను మీ బావని అంటాను, ఆయన ఎవరినీ అనడు. అలిసిపోయాను.

నువ్వు చొక్కాలూ కొమ్మలూ అని రాస్తుంటే నాకు ఆ రోజులే గుర్తొస్తున్నాయి. ఆ ఏడూ ఇదే నెల. కాయ నిలిచింది, కావలికి మనిషి లేడు, నీ దగ్గరున్న మా చిన్నయ్యని పంపించమని నీకు కార్డు రాశాను. "చిన్నయ్య ఆట ఉందంటున్నాడు. పది రోజులాగి వస్తాడట" అని జవాబు రాశావు. ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పది రోజులు తిరగకుండానే జ్వరం వచ్చి నా కొడుకు పోయాడు. వెంటనే ఓడల మీద బాంబులు పడ్డాయని మీ ఊరు ఖాళీ అయింది. రైళ్లలో కాలు పెట్టే చోటు లేక, బూడిద చూడటానికి కూడా నేను రాలేకపోయాను.

నా కోపం నీ మీద అనుకుంటున్నావు కాబోలు. నీ మీద కాదు. పందొమ్మిదేళ్లు పెంచిన తల్లి పిలిస్తే, బంతి వదిలి రాలేకపోయిన వాడి మీద. చచ్చిపోయిన పిల్లాడి మీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో నీకు తెలియదు. వాడికి పిండం పెట్టిన నాడు కూడా నా మనసు మెత్తబడలేదు. అందుకే ఆట సంగతులు రాయొద్దన్నాను.

అమృతమ్మ

కాకినాడ,
31-5-1948

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి మూడు నెలలు పట్టింది. నాలుగుసార్లు కాగితం చింపాను. ఇప్పుడు కూడా రాయవలసింది రాయడం లేదు.

చెట్టు ముప్ఫై కాయల దాకా నిలబెట్టింది. ఆటగాళ్లు రాళ్లు వేయకుండా నేనే కాపలా కాశాను. ఆరు కాయలు గడ్డిలో పెట్టి రైలు పార్సిలు చేశాను. మాగడానికి నాలుగు రోజులు పట్టొచ్చు. నువ్వూ బావా తినండి. రుచి ఎలా ఉందో రాయి.

నైజాం నుంచి వచ్చిన వాళ్ల పిల్లలకి కూడా తలా ఒక ముక్క పెట్టు.

పోతురాజు

నూజివీడు తోట,
10-6-1948

పోతురాజుకు,

ఈ ఉత్తరం కోపంలో రాస్తున్నాను. నూజివీడుకి మామిడి కాయలు పంపేవాడివి నువ్వే కనపడ్డావు. కొల్లేరు వాడికి చేపలు పంపినట్టుంది. పోనీలే, తమ్ముడి ప్రేమ అనుకుని గంప విప్పాను. కాయ వాసన చూడగానే ఇంకో కాయ తీసి పిసికి చూశాను. ఆ ముక్కు వంకర, ఆ సొన వాసన, పిసికితే పిడికిట్లో కదిలే తీరు, అన్నీ మన తూర్పు గట్టు రసానివే.

ఆ చెట్టు కాయ బజారుకి పోదు. షావుకారు దాన్ని కావలివాళ్లకే వదిలేశాడు. ఆ కాయలు నేను తప్ప ఎవరూ కొయ్యరు. మరి నీ దగ్గరికి ఎలా వచ్చాయి? నాకు తెలియకుండా మీ బావ ఇన్నాళ్లూ నీకు గంపలు పంపుతున్నాడని పట్టుకుని నిలదీశాను. "నాకేం తెలీదే" అంటాడు. అంతకంటే మాట రాదు ఆయనకి. నా నోటికి జడిసి రెండు రోజులు అన్నం మానేశాడు. పక్క గుడిసె వాళ్లు వచ్చి మధ్యస్తం చేశారు.

మూడో రోజు రెండో కాయ తిన్నాను. తూర్పు గట్టు కాయకి పీచు తక్కువ, దీనికి కొంచెం ఎక్కువ. పులుపు కూడా ఒక పిసరు ఎక్కువే. అది కాదు ఇది. కానీ దాని కడుపున పుట్టింది. టెంక నుంచి లేచిన చెట్టు అని నువ్వే రాశావు. ఏడేళ్లని నువ్వే రాశావు. ఆ టెంక ఎవరిది పోతురాజూ? ఎవరు పెట్టారు? నిజం రాయి. అబద్ధం వినే ఓపిక నాకు లేదు.

అమృతమ్మ

కాకినాడ,
16-6-1948

అక్కా,

చిన్నయ్య పెట్టిన టెంకే అది.

నలభై ఒకటి మే నెలలో నువ్వు గంపెడు రసాలు పంపావు గుర్తుందా? ఆ సాయంత్రం పర్రలో ఆట. వాడు గోలు కాసేవాడని నీకు తెలియదు. నేనెప్పుడూ రాయలేదు. పరిగెత్తడం వాడికి బద్ధకం. నిలబడి చేతులతో పట్టుకోమంటే మాత్రం, కోతకర్ర చిక్కంలో కాయ పడ్డట్టే బంతి వాడి చేతుల్లో పడేది. ఆ రోజు బంతి అవతలి గోలు దగ్గర ఉంది కదా అని వీడు చొక్కాలోంచి రసం తీసి, మెత్తగా పిసికి, నింపాదిగా పీల్చుకుంటున్నాడు. ఇంతలో ఆరోగ్యం బంతి తీసుకుని వచ్చేశాడు. వీడి చెయ్యంతా రసం. పట్టుకున్న బంతి జారి రాళ్ల మధ్య నుంచి పోయింది. జట్టంతా వీణ్ణి తిట్టింది. వాడు నవ్వుతూ కాయ పూర్తిగా పీల్చి, టెంకని గోలురాయి పక్కన కాలితో గుంట చేసి పాతాడు. "గుర్తుండాలి గదా మావయ్యా" అన్నాడు.

మిలటరీ వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ మొక్క చుట్టూ ముళ్లకంప కట్టి కాపాడాను. ఒక సోల్జరు దానికి గుడ్డలు ఆరేసుకునేవాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి మాన్పించాను.

ఇంకొకటి. కమిటీ వాళ్లు కొత్త గ్రౌండు కొలిచిన రోజు టేపు రెండో చివర పట్టింది నేనే. పది అడుగులు ఇవతలికి లాగితే చెట్టు బయటే ఉండేది. నేను లాగలేదు. వాడు నిలబడ్డ చోటే గోలు ఉండాలనిపించింది. చెట్టు అడ్డం వస్తుందని అప్పుడు తోచలేదు. ఇవాళ కమిటీ చెట్టు కొట్టమంటోందంటే అది నా మూలానే.

ఇక అసలుది. నీ కార్డు చిన్నయ్యకి నేను చూపించలేదు.

ఆదివారం మేచీ ఉంది. వాడు లేకపోతే గోలు కాసేవాడు లేడు. వాడి కంటే ఆ మేచీ నాకే ఎక్కువ కావాలి. రోజంతా బస్తాలు మోసి మోసి, ఆ గంటసేపు నా మేనల్లుడు ఆడుతుంటే పదిమందీ నన్ను చూసేవాళ్లు. ఆ సోకు నాది. కార్డు మడిచి దిండు కింద పెట్టాను. "చిన్నయ్య ఆట ఉందంటున్నాడు" అని నేనే రాశాను. వాడు అనలేదు. వాడికి చూపించి ఉంటే ఆ పూటే రైలెక్కేవాడు. మూడో రోజు జ్వరం వచ్చింది. మేచీ వాడు ఆడనే లేదు. జ్వరంలో "తోటలో కాయ నిలిచిందా మావయ్యా, అమ్మ ఒక్కతే మంచె ఎక్కుతోందేమో" అని అడిగాడు. అప్పుడు కూడా కార్డు సంగతి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

ఆరేళ్లుగా నువ్వు తిట్టవలసింది నన్ను. తిట్లన్నీ వాడు పడ్డాడు. ఇంకేం రాయను.

పోతురాజు

నూజివీడు తోట,
26-6-1948

పోతురాజుకు,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి తూర్పు గట్టుకి వెళ్లి పొద్దు పోయేదాకా రాలేదు.

వాడు నా మాట కాదనలేదన్నమాట. ఈ ఒక్క వాక్యం నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. వంట చేస్తూ అనుకున్నాను. మంచె మీద అనుకున్నాను. నీ మీద కోపం సంగతి తర్వాత చూద్దాం. అది ఎక్కడికీ పోదు.

ఇప్పుడు పని సంగతి. గ్రౌండులో చెట్టు ఎటూ నిలవదు. వాళ్లని ఆడిపోసుకుని లాభం లేదు. మిగిలిన కాయల టెంకలు పాతుతానని రాస్తావేమో, వద్దు. టెంక పెడితే పుట్టేది మనవడు. అంటు కడితే వచ్చేది వాడే. నాకు వాడే కావాలి.

అయిదు కుండీల్లో ఏడాది మొక్కలు ఇచ్చి మీ బావని పంపుతున్నాను. మోకాళ్లు లేకపోయినా చేతులున్నాయి, ఆయన కడతాడు. గోలు మీదికి వాలిన కొమ్మే లేతగా ఉంటుంది, దానికి ఉట్టి కట్టినట్టు కుండీలు వేలాడదీయండి. మొక్క కాండమూ కొమ్మా రెండూ చెక్కి, చెక్కు మీద చెక్కు ఆనించి, అరటి నార చుట్టి, పేడ కలిపిన బంకమట్టి మెత్తండి. కుండీలు ఒక్క పూట కూడా ఎండకూడదు. నెలన్నరకి కొమ్మని అతుకు కింద సగం కొయ్యాలి. రెండు నెలల మీద పది రోజులకి పూర్తిగా. అంతకు ముందు చెట్టు కూలిస్తే అంటు చస్తుంది.

అంటే భాద్రపదం వచ్చేదాకా ఆ చెట్టు నిలబడాలి. వాళ్ల పండగ దానికి ముందే ఉంది. ఏం చేస్తావో నాకు తెలియదు. ఈసారి ఆగమని అడుగుతున్నది నేను.

అమృతమ్మ

కాకినాడ,
18-8-1948

అక్కకు పోతురాజు నమస్కారాలు.

బావ ఇక్కడున్న రెండు రోజుల్లో మాట్లాడింది ఒక్క మాట. చెట్టు మొదట్లో చెయ్యి వేసి, "ఇక్కడేనా నుంచునేవాడు?" అన్నాడు. ఔనన్నాను. తర్వాత అయిదు అంట్లూ తనే కట్టాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

జూలైలో రెండు ఎండిపోయాయి. నీళ్లు తప్పలేదు, ఉప్పుగాలి. ఒకటి బంతి తగిలి పగిలింది. ఆగస్టు మొదటి వారానికి రెండే మిగిలాయి. కమిటీ వాళ్లు పదో తారీకులోగా చెట్టు కొట్టాలని కాగితం పంపారు, లేకపోతే మాలీని మారుస్తామని కూడా రాశారు. కాగితం పట్టుకుని భాస్కరరావుగారి ఇంటికి వెళ్లి, నీకు రాసినదంతా ఆయనకీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కమిటీని ఒప్పించడం తన వల్ల కాదన్నారు.

అప్పుడు ఆరోగ్యం అడ్డం పడ్డాడు. వాడికి నేనేమీ చెప్పలేదు. ఆ రోజు టెంక పాతడం వాడు చూశాడట, ఏడేళ్లుగా వాడికీ తెలుసు. కమిటీ ముందుకెళ్లి, "ఆ చెట్టు కొడితే నావలోళ్లు ఆడరండి. ఆడేవోళ్లకి లేని అడ్డం చూసేవోళ్లకి ఏంటండి?" అన్నాడు. ప్రారంభం మేచీకి రెండో జట్టు లేకుండా కప్పు ఎవరికిస్తారు? వినాయక చవితి వెళ్లేదాకా గడువిచ్చారు.

పదిహేనున మేచీ జరిగింది. ఆట సంగతి రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి రాయనీ.

వాన పడి ఆగింది. నా గరిక ఆ మూలా ఈ మూలా తప్ప అంతా బురదే. ఊరంతా వచ్చింది. కుండీలు వేలాడుతున్న గోలు చూసి జనం ఒకటే నవ్వు, "కృష్ణాష్టమి ముందే వచ్చిందా, ఉట్టి కొడతారా?" అని. టౌను జట్టుకీ నావలవాళ్లకీ చెరొక గోలు. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుందనగా ఆరోగ్యం ఉత్తరం గోలు మీదికి వచ్చాడు, సరిగ్గా ఆ రోజులాగే. బలంగా తన్నాడు. టౌను గోలువాడు ఎటో పడ్డాడు. బంతి పైకొయ్య కిందనుంచి లోపలికి పోవలసిందే. వాలిన కొమ్మకి తగిలింది. కుండీ ఒకటి పగిలి మట్టంతా గోలువాడి నెత్తిన పడింది. బంతి అక్కడే గీత మీద చచ్చినట్టు ఆగింది.

రూలు ప్రకారం రిఫరీ ఊదాడు. నావలవాళ్లు కొట్లాటకి దిగబోయారు. ఆరోగ్యం వాళ్లని ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని కొమ్మ వైపు చూసి, "ఏరా, ఈసారి ఆపావా?" అన్నాడు. నవ్వాడు. తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు. నేను సున్నం డబ్బా పక్కన కూలబడి ఏడ్చాను అక్కా. మాలీకి మతి పోయిందనుకున్నారు. ఆట సమానంగా ముగిసింది. కప్పు చెరి ఆరు నెలలు.

ఒక్క అంటు మిగిలింది. కొమ్మని సగం కోశాను. అతుకు పట్టినట్టే ఉంది.

పోతురాజు

కాకినాడ,
5-10-1948

అక్కకు,

చవితి వెళ్లిన మూడో నాడు అంటుని పూర్తిగా విడదీశాను. పది రోజులు నీడన పెట్టి చూశాను. ఆకు వాడలేదు. కొసన ఎర్రటి చిగురు కూడా వేసింది.

అప్పుడు చెట్టు కొట్టాను. వేరేవాళ్లు కొడతామన్నారు, ఇవ్వలేదు. దండం పెట్టుకుని కొట్టాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి పడింది. నడుం నొప్పితో నాలుగు రోజులు లేవలేదు. మోడు తవ్వి, గుంట పూడ్చి, గరిక నాటాను. అక్కడ చెరువు మట్టి పోసి ఏడేళ్లు నీళ్లు పెట్టిన నేల కదా, గ్రౌండు మొత్తం మీద గడ్డి పచ్చగా బతికింది అక్కడే. భాస్కరరావుగారు చూసి, ఇప్పటికి గ్రౌండు పూర్తయిందయ్యా అన్నారు. ఏమో. నాకు గోలు వెలితిగా కనిపిస్తోంది.

నైజాం గొడవ తగ్గి రైళ్లు నెమ్మదించాయి. ఆరోగ్యం బెజవాడ పని మీద పోతూ కుండీని ఒళ్లో పెట్టుకుని తెస్తానన్నాడు. నేను రావడం లేదు. నువ్వు రమ్మనలేదు.

పోతురాజు

నూజివీడు తోట,
14-10-1948

తమ్ముడు పోతురాజుకు అక్క ఆశీర్వదించి రాసేది.

ఆరోగ్యం వచ్చాడు. పడవలా ఉన్నాడు మనిషి. కుండీ నా చేతిలో పెట్టి, "ఆ గోలు నేనే కొట్టానమ్మా" అన్నాడు. కాయ పంపింది నేనే కదా నాయనా, అందులో సగం నాది అన్నాను. అన్నం పెట్టాను. నా కొడుకు బంతి ఎలా పట్టేవాడో లేచి నిలబడి చూపించాడు. మీ బావ రెండోసారి చూపించమన్నాడు.

దసరా నాడు అంటు నాటాం. తూర్పు గట్టు మీద, తల్లి చెట్టు పక్కనే. షావుకారు వద్దనలేదు. నైజాం వాళ్లు ఇళ్లకి తిరిగి పోతున్నారు, పోతూ పోతూ ముళ్లకంప కట్టి వెళ్లారు.

నీ మీద కోపం సంగతి తర్వాత చూద్దామన్నాను కదా, చూశాను. నువ్వు వాణ్ణి పది రోజులు ఆపావు. నేను నిన్ను ఆరేళ్లు ఆపాను. దీంట్లో ఎవరిది ఎక్కువో తేల్చే ఓపిక నాకు లేదు. నీకూ ఉండదు. ఇద్దరం అలిసిపోయాం.

ఒక పని మిగిలింది. కాపు చూసిన కొమ్మ కాబట్టి ఈ అంటు మొదటి ఏడే పూత వేస్తుంది. నిలవనిస్తే మొక్క పాడైపోతుంది. మూడేళ్లు వచ్చిన పూత వచ్చినట్టు తుంచెయ్యాలి. నా బతుకంతా వేల మొక్కలకి తుంచాను. దీనికి నా చెయ్యి రాదు. మీ బావకీ రాదు.

పుష్యమాసంలో నువ్వు రా. మూడేళ్లూ రా. కత్తి తెచ్చుకోనక్కర్లేదు. పూత లేతగా ఉంటుంది, గోరు చాలు.

అక్క,
అమృతమ్మ